మధ్యవర్తి దొరక్కూడదని

నేను నమ్మే దేవుళ్ళందరి మీదా, నన్ను నమ్మని నా భార్య మీదా ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం.

టాటానగర్ పక్కనున్న ఆదిత్యపూర్‌లో నాకూ మా తమ్ముడికీ కలిపి ఒక లేత్ షెడ్డుంది. అది ఎవరిదన్న గొడవ కోర్టుకెక్కింది. ఇద్దరికీ సమ్మతమైన మధ్యవర్తిని మీరే ఎంచుకుని రండి అన్నారు జడ్జిగారు. దావా పడ్డ నాటి నుంచి తమ్ముడు నాతో తెలుగు మానేశాడు. తప్పనిసరైతే హిందీ, అదీ 'ఆప్' అంటూ, బ్యాంకులో పరాయివాడితో మాట్లాడినట్టు.

మధ్యవర్తిని ఎంచుకోవడానికి టాటానగర్ స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర కలిసేవాళ్ళం. ఇంకే పని మీదా వాడు నా ఎదురుగా కూర్చోడు. అందుకే వాడు తెచ్చిన ప్రతి పేరుకీ ఒక వంక పెట్టాను.

మొదట రిటైరైన క్రేన్ ఆపరేటర్ ఒకాయన పేరు చెప్పాడు.

"ఆయనొద్దురా. ఆయన తగువు తీర్సిన అన్నదమ్ములు కలిసిపోయి, ఆయన్నే ఖర్కాయి ఏట్లోకి తోసేసినారట."

తర్వాత ఇక్కడి మన తెలుగువాళ్ళ సంఘం పెద్ద పేరు.

"ఆ బాబు కూకుంటే నిద్రోతాడు. మొన్నెవుడో ఆయన గురకే తీర్పనుకుని ఇల్లు రాసిచ్చీసినాడు."

ఇలాంటి కోతలకి ఒకప్పుడు తమ్ముడు లేత్ ఆపేసి మరీ నవ్వేవాడు, నూనె చేత్తోనే నా వీపు చరిచేవాడు. ఇప్పుడు గ్లాసులోకి చూస్తూ, "ఔర్ కోయీ నామ్?" అంటాడు. ఇంకో పేరు వెతకాలంటే ఇంకో రోజు కలవాలి. నాకు కావలసిందీ అదే.

చివరికి ఒక బెంగాలీ వకీలమ్మ పేరు తెచ్చాడు. ఆవిడ మనవాళ్ళెవరినీ ఎరగదు. వంకకి చోటే లేదు. అయినా ఊరుకుంటానా?

"ఆవిడికి తెలుగు రాదు కదరా. నానేటి తిట్టినా ఆవిడికి కారం తగల్దు."

వాడు తలెత్తాడు. టీ పొలమారేలా నవ్వాడు.

"ఏటన్నియ్యా, నీకు ఈ తగువు తీరడం ఇష్టం నేదేటి?"

"నేదు" అన్నాను.

ఒట్టేశాను కాబట్టి ఒప్పుకోవాలి. ఆ నవ్వూ, ఆ 'అన్నియ్యా' నా కల్పన. 'నేదు' మాత్రం నిజమే, పైకి అనలేదంతే. వాడు తలెత్తనే లేదు. "ఆప్ సైన్ కర్ దీజియే" అంటూ కాగితం నా వైపు జరిపాడు. సంతకం పెట్టాను. ఇకపై కలిసినా మా ఇద్దరి మధ్యా ఆవిడ కూర్చుంటుంది. ఇంకో రెండు టీలు చెప్పి తిరిగి చూసేసరికి, వాడు ఆటో ఎక్కేశాడు.