మా సైటు తెరవంగనే మోగే డోలు

భద్రాచలంల మేము కోయ పాటలకు, డోలు దెబ్బలకు ఒక వెబ్‌సైట్ నడుపుతున్నం. తెరవంగనే జోరుగ డోలు మోగుతది. చూసినోళ్లంత మెచ్చుకున్నరు, నేను గూడ మస్తు మురిసిన.

ఇయ్యాల ఆ డోలు కొట్టిన తాత, బస్సుకు ఇంక టైముందని మా ఆఫీసుకొచ్చిండు. కుర్చీల కూసోబెట్టి, "నీ డోలు దునియా అంత వింటున్నది తాతా, ఇగ ఎన్నటికీ పోదు" అని గొప్పగ సైటు తెరిచిన. డోలు మొదలైంది. తాత తలకు చుట్టిన తువ్వాల తీసి లేచి నిలబడ్డడు.

"గిది మా అన్న సచ్చిన నాడు నేను కొట్టింది బిడ్డా. వచ్చినోళ్లకు దీన్ని వినిపిస్తున్నరా?"

పాత టేపులల్ల దొరికితే, ఊపుగ ఉందని పెట్టినం. ఎప్పటిదని తాతను ఒక్క మాట అడగలేదు. తీసేద్దామంటే సైటు చేసిన దోస్తు నౌకరి మారి హైదరాబాద్ పోయిండు. పాస్‌వర్డ్ ఆయన దగ్గరనే ఉంది, ఫోన్ కలుస్తలేదు. నాకు చేతనైంది స్పీకర్ బంద్ చేసుడే. తాత బస్సుకు పోయిండు.

ఇంటికొచ్చి మళ్ల తెరిచి చూసిన. మోగుతనే ఉంది. ఎట్ల ఆపాల్నో తెలిసినోళ్లుంటే కింద రాయండి. ఎన్నటికీ పోదని తాతకు చెప్పింది నేనే.