లైనులో ఇంకా ఎవరో ఉన్నారు

మా సార్ పోయారని షాదీపూర్‌లోని వాళ్లింటి నుంచి కబురొచ్చినప్పుడు నేను జెట్టీ ఆఫీసులో ఉన్నాను. కంప్యూటర్ ముందు కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. రిటైరయ్యాక కూడా, జెట్టీ కింద సముద్రమట్టం కొలిచే యంత్రాన్ని ఇంటి నుంచి రోజూ పలకరించే మనిషి. నాకు పని నేర్పింది ఆయనే.

ఆ యంత్రానికి ఒక్కటే లైను. ఒకరు కలిస్తే ఇంకొకరికి దారి ఉండదు. అందుకే కమాండ్ కొట్టే ముందు ఆయన ఆ లైను వాడే మా అందరికీ ఫోన్ చేసి "ఎవరైనా ఉన్నారా?" అనేవారు. పనయ్యాక మళ్లీ చేసి "వదిలేశాను" అనేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

"ఎంటర్ ఒక్కసారే కొట్టు భయ్యా. జల్దీ వద్దు. జవాబొచ్చీదాకా చెయ్యి ఒళ్లో పెట్టుకో," అనేవారు. ఒకసారి నేను లైను మూయకుండా లాప్‌టాప్ మూసేసి మిడిల్ పాయింట్ బజారుకు భోజనానికి పోయాను. మధ్యాహ్నమంతా ఎవరికీ లైను దొరకలేదు. ఆయన కేకలేయలేదు. "ఇంతసేపూ సముద్రం ఏటి చేసిందో చెప్పగలవా?" అన్నారు. సునామీలో తమ్ముణ్ని పోగొట్టుకున్న మనిషి.

దహనం హడావుడిలో మేమెవరం లైను తీయలేదు. మర్నాడు పొద్దున భూమి కదిలింది. చిన్న కుదుపే. వెంటనే కమాండ్ కొట్టాను. లైనులో వేరొకరున్నారని వచ్చింది. అందరికీ ఫోన్ చేశాను. ఎవరూ లేరు. మిగిలింది సార్ నంబరొక్కటే. దానికే చేశాను.

వాళ్లావిడ ఎత్తారు. "కంప్యూటర్ ఆపనేదు బాబూ. అంకెలు పడతానే ఉన్నాయి. అవి కదుల్తుంటే మనిషి ఉన్నట్టే ఉంది."

జన్మలో చేయని తప్పు ఆయన చేత చావు చేయించింది.

"చదవండి దీదీ," అన్నాను. చదివారు. ప్రతి అంకె ముందుదాని కన్నా తక్కువ. ఆటుపోట్ల పట్టిక ప్రకారం ఆ వేళకు నీళ్లు పెరగాలి.

"దీదీ, హెచ్చరిక ఇక్కణ్నుంచే పోవాలి. లైను మూసేయండి."

"మరి ఈ అంకెలు ఆగిపోతాయి కద బాబూ," అన్నారు. తర్వాత నేను చెప్పిన మీటలు ఒక్కొక్కటే నొక్కి, అచ్చం ఆయనలాగే, "వదిలేశాను," అన్నారు.

ఎంటర్ ఒక్కసారి కొట్టి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాను. కిటికీ అవతల, ఎన్నడూ చూడని జెట్టీ మెట్టొకటి నాచుతో నల్లగా బయటపడి ఉంది.

జవాబొచ్చింది. హెచ్చరిక వెళ్లింది. ఆ పూట నీళ్లు మెల్లగానే తిరిగొచ్చాయి.

ఇప్పుడు లైను తీసే ముందు నేనూ అందరికీ ఫోన్ చేస్తున్నాను. ఎవరూ నవ్వడం లేదు. చివరగా సార్ నంబరుకు చేస్తాను.

"ఎవరైనా ఉన్నారా?"

"ఇక్కడెవరూ లేరు బాబూ," అంటారు దీదీ.

అప్పుడు ఎంటర్ కొడతాను. జవాబొచ్చేదాకా, ఆ మెట్టు ఇంకా నీళ్లలోనే ఉందా అని చూస్తూ కూర్చుంటాను.