టీచరమ్మ అడుగులతో కొలిచిన రాయి

మా సైన్సు టీచరమ్మ పోయారు. శుక్రవారం కుప్పంలో, ఆపరేషనైన మూడో రోజున. ఆవిడ కూతురు ఫోన్‌లో చెబుతుంటే మదనపల్లె బస్టాండులో నిలబడి విన్నాను. ఆవిడ ఎలాంటి మనిషో మీకు చెప్పాలంటే ఆ రాయి సంగతి చెప్పాలి.

రెండువేల నాలుగు డిసెంబరు ఆఖరు. నేను పుంగనూరులో తొమ్మిదో తరగతి. అంతరిక్షంలోంచి ఒక పెద్ద రాయి 2029లో వచ్చి భూమికి తగలొచ్చని టీవీలో చెప్పారు. వెంటనే సునామీ వచ్చింది. టీవీలో ఆ శవాలను చూశాక రాయి కూడా వచ్చి తీరుతుందనిపించింది. బడి మానేశాను. ఆకాశం కనబడకుండా మంచం కింద పడుకునేదాన్ని.

అమ్మ నన్ను టీచరమ్మ ఇంటికి లాక్కెళ్లింది. "అన్నం తింటాలేదు టీచరమ్మా. కొంచెం బుద్ధి చెప్పండి."

ఆవిడ నవ్వలేదు. "నేనూ రెండు దినాలు నిద్రపోలేదమ్మా," అన్నారు. అమ్మ బిత్తరపోయింది. "సైంటిస్టులు ఆకాశం పాత ఫొటోలు ఎతికి మళ్లా లెక్కేసినారంట. ఆ ఏడు తగలదంట, పక్కనే పోతాదంట. ఆ తరవాతి ఏండ్లకి మాత్రం కొంచెం అనుమానం ఉండాది. నీకు అబద్ధం చెప్పను."

తెలియనిదాన్ని 'తెలీదు' అని బోర్డు మీదే రాసి, చదువుకుని మర్నాడు చెప్పే మనిషి ఆవిడ.

"ఆ రాయి ఎంతుంటాది టీచర్?"

"రా, సూపిస్తా."

బడి గేటు నుంచి అడుగులు లెక్కపెడుతూ నడిచాం. మిఠాయి అంగడి దాటాం. సైకిల్ షాపు, టమాటా మండీ దాటాం. ఆవిడ ఆగలేదు.

"ఇంకానా టీచర్?"

"ఇంకా." చాలా దూరం పోయాక ఆగారు. "ఈడికి. గుండ్రంగా ఉండదు, సొట్టల బండ. దానికని వెలుగు లేదు. ఎండ పడితేనే కనిపిస్తాది."

వెనక్కి తిరిగి చూశాను. ఇంత వీధీ ఒక్క బండేనా అని భోరుమన్నాను. ఆవిడ ఊరుకోమనలేదు. నా ఏడుపయ్యేదాకా ఎండలో పక్కనే నిలబడ్డారు. ఆ మధ్యాహ్నం అన్నం తిన్నాను.

అప్పటికి దానికి పేరు లేదు, అంకెలూ అక్షరాలే. మరుసటి ఏడు పేపరు ముక్క తెచ్చి చూపించారు. అపోఫిస్. సూర్యుణ్ణి మింగాలని చూసే ఈజిప్టు పాము పేరట. ఇంత భయంకరమైన పేరెందుకు పెట్టారని అడిగాను. "పెట్టినోళ్లకీ బయమే అయుంటాదమ్మా," అన్నారు.

మొన్న బుధవారం, ఆపరేషన్‌కు ముందు, ఆస్పత్రిలో నన్ను చూడగానే, "బయమైతాండాది," అన్నారు. ఏమీ కాదని నోటిదాకా వచ్చింది, అనలేకపోయాను. స్ట్రెచర్ పక్కనే నడిచాను. నా చేతిని నొప్పి పుట్టేలా పట్టుకున్నారు. ఆపరేషన్ గది తలుపు దగ్గర ఆవిడే, ఒక్కో వేలూ వదిలారు.