తెలుగులో దొరికిన పాఠాలు

ఈ హిందీవాళ్ల ఊళ్లో, మా భాలుబాసా పేటలో మధ్యాహ్నం జరిగే ఆడవాళ్ల క్లాసుకు, నాతో చదువుకునే ఆవిడ మాంగో అనే పేట నుంచి ఆటోలో వచ్చేది. భర్తది రైల్వేలో పని. నాకు అక్షరాలొచ్చిందే నలభై దాటాక. అలాంటివాళ్లం ఆవిడతో కలిపి ఐదుగురం పదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కట్టాం.

చదువుకు పనికొచ్చే వెబ్‌సైటు ఏది దొరికినా మా ఫోన్లలో ఆవిడే తెరిచి పెట్టేది. అది తెరుచుకునేదాకా గోళ్లు కొరుక్కుంటూ పక్కనే నిలబడేది. "వచ్చిందా వదినా? అచ్చరాలు కనిపిత్తన్నాయా?"

ఒకరోజు సైన్సు మొత్తం తెలుగులో ఉన్న సైటు తెచ్చింది. హిందీ తడుముకుంటూ చదివే మాకు పండగే. నెలంతా అదే చదివాం. పరీక్ష ఇంకా పది రోజులుందనగా ఆవిడ కూతురు చూసి, "మమ్మీ, యే తో ఆంధ్రా కా సిలబస్ హై" అందట, ఇది ఆంధ్రావాళ్ల సిలబస్ అని.

ఆవిడ ఎండలో వచ్చి మా గుమ్మంలో నిలబడింది. మంచినీళ్లిచ్చినా ముట్టుకోలేదు.

"తప్పయిపోనాది వదినా. ఆ పాటాలు మన పరీచ్చకి రావు."

"ఓలమ్మ, ఇప్పుడేటి సేద్దుమే?"

"మనయి హిందీలో దొరికినాయి. నేను సదివి సెప్తాను, నువ్వు రాసుకో."

ఆ పది రోజులూ మా నలుగురి ఇళ్లకూ తిరిగింది. నాకు చెబుతున్నంతసేపూ, ఇంకా ఇద్దరిళ్లు మిగిలాయని చూపు గడియారం మీదే ఉండేది.

ఫలితాలొచ్చిన రోజు ఫోన్ చేసింది. "ఏటైంది వదినా?"

పాసయ్యానన్నాను.

"అమ్మయ్య. నలుగురూ గట్టెక్కీసినారు" అని పెట్టేసింది.

తనది ఏమైందని నేను అడగనేలేదు. సైన్సు పోయిందని వారం తర్వాత కూతురు చెప్పింది.