మైకులో చెప్పిన సాక్ష్యం

నోటికి మాటనిచ్చిన దేవునికి, చేతికి పనినిచ్చిన దేవునికి స్తోత్రం. ఈ ఉదయం కూడా నన్ను లేపి, బస్సెక్కించి, ఫ్యాక్టరీ గేటు దగ్గర నా కార్డు పనిచేసేలా చూసిన ఆయనకు స్తోత్రం. కార్డు పనిచేయడం కూడా కృపేనని ఈ మధ్యనే తెలుసుకున్నాను.

నేను నాచారంలో డబ్బాల మూతలు తయారుచేసే కంపెనీలో ప్యాకింగ్ చేస్తాను. పర్మినెంటు. నా బల్లకు కాస్త దూరంలో మూతలు కొట్టే ప్రెస్ ఉంటుంది. దాని మీద పనిచేసే అమ్మాయి కాంట్రాక్టు మనిషి. జనగామ వైపు నుంచి వచ్చి, భర్తతో, పాపతో చిల్కానగర్‌లో ఒక గదిలో ఉంటుంది. నన్ను అక్కా అంటుంది. పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం ఆ ప్రెస్ ఆమె కుడిచేతి మీద పడింది. రెండు వేళ్లు సగానికి పోయాయి. నా కొంగు చింపి కట్టు కట్టింది నేనే.

సూపర్‌వైజర్ ఆమెను ఈఎస్ఐ దవాఖానాకు పంపలేదు. తన కారులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఇంట్లో తలుపు సందున చెయ్యి నలిగిందని కాగితం రాయించి, ఎడమ చేతి వేలిముద్ర వేయించుకున్నాడు. అందుకు బదులుగా పనిలోంచి తీసేయనని, కూర్చొని స్టిక్కర్లు అంటించే పని ఇస్తానని మాటిచ్చాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఈ సంగతి ఆమె నాకొక్కదానికే చెప్పింది, అన్నం గిన్నెలు కడిగే నల్లా దగ్గర. నొప్పికి రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని, ప్రార్థన చెయ్యమని అడిగింది. ఎవరికీ తెలియనివ్వొద్దంది. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. ఆమె పూజలు ఆమెకున్నాయి. అయినా కళ్లు మూసుకుని నిలబడింది.

మా మందిరంలో ఆరాధన తర్వాత సాక్ష్యాల సమయం ఉంటుంది. చిన్నప్పుడు మాకు వాక్యం నేర్పిన పెద్దమ్మ ఒక నియమం పెట్టింది. ఎక్కడ, ఏ రోజు, ఎవరికి అన్నది చెప్పకపోతే అది సాక్ష్యం కాదు, ఉత్త కబురు. ఎవరూ లేవకుండా మందిరం నిశ్శబ్దమైతే, దేవుడు ఎవరినో లేపుతున్నాడని అర్థం. నలభై ఏళ్లుగా ఆ నిశ్శబ్దంలో లేచి నిలబడడం నాకు అలవాటు.

యూనియన్ వాళ్లు ఒక ఆదివారం మధ్యాహ్నం ఉప్పల్‌లో ఫంక్షన్ హాలు పై అంతస్తులో కార్మిక చట్టాల మీద సెమినార్ పెట్టారు. ఆమె రానంది. తెలుసుకుంటే తప్పేముందని నేనే బలవంతంగా తీసుకెళ్లాను. బైబిల్ సంచి భుజానే ఉంది. వకీలమ్మ చక్కగా విడమరిచి చెప్పింది. పని చేస్తుండగా తగిలిన దెబ్బను కంపెనీ ప్రమాదంగా రాసి పంపాలి. కాంట్రాక్టు వాళ్లకైనా అంతే. అలా రాయకపోతే ఆ మనిషికి రావలసిన హక్కులన్నీ ఆగిపోతాయి. తర్వాత వకీలమ్మే అడిగింది, ఇక్కడ ఎవరికైనా అలా జరిగిందా అని.

హాలు నిశ్శబ్దమైంది. నేను లేచాను.

మైకు చేతికొచ్చింది. ఏ ప్రెస్సో, ఏ రోజో, కాగితంలో ఏం రాశారో, సూపర్‌వైజర్ ఏం మాటిచ్చాడో అంతా చెప్పాను. పక్కనే చున్నీ కింద దాచుకున్న ఆమె చెయ్యి కూడా చూపించాను. ఆమె నా చీర పట్టుకుని లాగుతూనే ఉంది. దేవునికి మహిమ అని ముగించి కూర్చున్నాను. చప్పట్లు మోగాయి. వెనక నుంచి ఎవరో, "అక్క వాక్యం చెప్పింది, ఇగ కానుకల పెట్టె తిప్పుండ్రి" అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముందు వరుసలో ఫోన్లు పైకెత్తి ఉన్నాయి. అవి నన్ను తీస్తున్నాయని సంతోషపడ్డాను.

ఆమె చెయ్యి మళ్లీ చున్నీ కింద దాచుకుని మెట్లు దిగింది. బస్‌స్టాప్‌లో అంది: "నేను నీకు చెప్పుకున్న అక్కా. మైకుకు చెప్పలే."

మంగళవారం గేటు దగ్గర ఆమె కార్డు పనిచేయలేదు. ఇక రావద్దని కాంట్రాక్టర్ ఫోన్‌లో చెప్పాడట. వీడియో సూపర్‌వైజర్ దాకా చేరింది. అతను నా బల్ల దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా మాట్లాడాడు. "రిటైర్‌మెంట్‌కు నీకింక రెండేండ్లే ఉంది గదమ్మా. దేవుని మనిషివి. నీకెందుకు గీ లొల్లి?" అన్నాడు. నేను తల దించుకుని మూతలు సర్దాను. హాలులో అంత ధారాళంగా వచ్చిన మాట అక్కడ ఒక్కటీ రాలేదు.

వకీలమ్మ ఆ అమ్మాయి చేత లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టించింది. ప్రమాదం కళ్లారా చూసిన మనిషి ఒకరు సంతకం చేసి, వచ్చి చెబితే తప్ప ఇది నిలవదంది. చూసింది నేనే. ప్రార్థన చేసి చెబుతానన్నాను. మూడు రోజులు ఉపవాసం ఉన్నాను. నిజం చెప్పమని ఆయన ఎప్పుడో చెప్పేశాడు. మళ్లీ ఎందుకు అడుగుతున్నానో నాకు తెలుసు. భయంతో, వాయిదా కోసం అడిగాను. ఆయన నామాన్ని అలా వాడుకున్నందుకు సిగ్గుపడుతున్నాను.

నాలుగో రోజు క్షమాపణ అడగడానికి చిల్కానగర్ వెళ్లాను. ఆమె భర్త గడప దగ్గరే నిలబడి, "ఏమక్కా, ఇయ్యాల మైకు తేలేదా?" అన్నాడు. లోపల ఆమె ఎడమ చేత్తో పాప జడ అల్లుతోంది. పాయలు జారిపోతుంటే పళ్లతో పట్టుకుంటోంది. నేను ఏడుస్తూ, నీ కోసం రోజూ ప్రార్థిస్తున్నానని చెప్పాను. ఆమె రిబ్బను ముడి వేసి నా వైపు చూసింది.

"ప్రార్థన జెయ్యొద్దంటలేను అక్కా. నేనొద్దన్న కాడ చెప్పినవ్. గిప్పుడు నేనే చెప్పమంటున్న. ఆడికొచ్చి చెప్పు."

మరునాడు సంతకం చేశాను. వచ్చే గురువారం లేబర్ ఆఫీసుకు పిలిచారు. సూపర్‌వైజర్ ఎదురుగా కూర్చుంటాడు. చప్పట్లు కొట్టేవాళ్లు ఎవరూ ఉండరు. సంతకం చేశాక కూడా, ఆ రోజు జ్వరమొస్తే బాగుండునని రెండుసార్లు అనుకున్నాను. ఆమె ఇంకా నాతో సరిగా మాట్లాడడం లేదు. క్షమించావా అని అడిగే ధైర్యం నాకు లేదు.

దీన్ని చదువుతున్న మీరు ఏ పేరుతో దేవుణ్ణి పిలిచినా సరే, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. నా ఉద్యోగం కోసం వద్దు. తండ్రీ, గురువారం నా కాళ్లను ఆ మెట్లెక్కించు. ఏ ప్రెస్సో, ఏ రోజో, ఎవరి చెయ్యో చెప్పేదాకా నా నోరు మూతపడనివ్వకు. ఆ బిడ్డ కార్డు మళ్లీ గేటు దగ్గర పనిచేసేలా చెయ్యి. ఆమేన్.