కెప్టెన్‌గారి వీసా

ఆ కెప్టెన్ గురించి మా క్లాసులో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. గొప్పలు కాదు, నిజం. అప్పటికి రెండు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండు నౌకాదళం తరఫున మూడుసార్లు మహాసముద్రాల మీదికి వెళ్ళిన మనిషి. ఒక పొలం కూలీ కొడుకు. బొగ్గు మోసే ఓడల్ని తీసుకుని దక్షిణాన మంచుగడ్డల దాకా పోయాడు. పులియబెట్టిన క్యాబేజీ తింటే జబ్బు రాదంటే నావికులు వినలేదు. దాన్ని రోజూ ఆఫీసర్ల బల్ల మీద పెట్టించాడట, అంతే, అందరూ మాకంటే మాకని ఎగబడ్డారు. మేముండే ట్రాయ్ ఊరి లైబ్రరీ నుంచి ఆయన మీది పుస్తకం మూడుసార్లు తెచ్చుకుని చదివాను.

డెబ్బైల చివర, నా ఆరో తరగతిలో, ఆయన హవాయి చేరిన ఘట్టం నాటకం వేద్దామంది టీచర్. కెప్టెన్ వేషానికి అందరికంటే ముందు చెయ్యెత్తాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నీకు దీవి అమ్మాయి వేషం బాగుంటుంది, మేకప్ కూడా అక్కర్లేదు" అని నవ్వింది. కెప్టెన్ టోపీ ఎవరికి దక్కిందనుకున్నారు? ఆయనది ఏ దేశమో కూడా తెలియని ఒక మొద్దబ్బాయికి! నేను కాగితం పూలదండ వేసుకుని, వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పండ్లబుట్ట అందివ్వాలి. ఒక్క డైలాగు లేదు. ఒళ్ళు మండిపోయింది.

మా నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు, నోట్లో నాలుక లేని మనిషి. "పోనీలే తల్లీ, అడ్జస్ట్ అయిపో. మన గ్రీన్‌కార్డ్ ఇంకా ప్రాసెస్‌లో ఉంది. ఎవరితోనూ ప్రాబ్లమ్ వద్దు" అన్నాడు.

అమ్మ మాత్రం అంట్లు తోముతూనే, "మోకరించేది దేవుడి ముందే. మధ్యలో వీడెవడు?" అంది. చర్చికి ఒక్క ఆదివారం మానని ఇల్లు మాది. ఆ మాటతో నాకు కొండంత ధైర్యం వచ్చింది.

నాటకం రోజు మావాళ్ళిద్దరికీ సెలవు దొరకలేదు. అట్టముక్కల ఓడ దిగి కెప్టెన్ వచ్చాడు. నేను మోకరించలేదు. బుట్ట చంకన పెట్టుకుని నిటారుగా నిలబడ్డాను. వాడు బిత్తరపోయాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా! కొత్తగా వచ్చినవాళ్ళని ఏమడగాలో నాకు బాగా తెలుసు. తెలుగు ప్రార్థన అయ్యాక చర్చి బేస్‌మెంట్‌లో, ఎవరు కొత్తగా వచ్చినా కాఫీ చేతికివ్వకముందే అంకుల్స్ అవే అడిగేవాళ్ళు. లోకమంతటా అదే మర్యాద అనుకునేదాన్ని. అవే ఇంగ్లిషులో అడిగేశాను.

"ఏ వీసా మీద వచ్చారు? మీ స్పాన్సర్ ఎవరు? ఎన్నాళ్ళుంటారు?"

కెప్టెన్ నోరు తెరిచి టీచర్ వంక చూశాడు. ఆవిడ తెర దింపించేసింది.

మర్నాడు నాన్నకి స్కూలు నుంచి పిలుపు. నేను క్లాసందరి ముందూ సారీ చెప్పాలట, అప్పటిదాకా క్లాసులోకి రానివ్వరట. కారులో నాన్న బతిమాలాడు. "ఒక్క మాటే కదా తల్లీ, చెప్పేయ్, వదిలిపోతుంది."

"చచ్చినా చెప్పను" అన్నాను. నేనేం అడిగానో కూడా ఆయనకి చెప్పలేదు.

టీచర్ చెప్పింది. కాగితం మీద రాసిపెట్టుకున్న మూడు ప్రశ్నలూ గట్టిగా చదివి, ఒక మహానుభావుణ్ణి ఇంతలా అవమానిస్తారా అంది. నాన్న తల వంచుకుని విన్నాడు. అయిపోయింది, ఈయనే నాచేత చెప్పిస్తాడనుకున్నాను. ఏడుపు తన్నుకొచ్చింది.

నాన్న తలెత్తాడు. ఆయన ఇంగ్లిషు ఎప్పటిలాగే మెల్లగా, మర్యాదగా వచ్చింది.

"మేడమ్, ఈ మూడూ నన్ను ఎయిర్‌పోర్ట్‌లో అడిగారు. ఆఫీస్‌లో అడిగారు. ఇల్లు అద్దెకిచ్చినాయన కూడా అడిగాడు. అందరికీ ఆన్సర్ చెప్పాను. ఒక్కరూ నాకు సారీ చెప్పలేదు."

ఆవిడ ఆ కాగితం మడిచి డ్రాయర్‌లో పెట్టేసింది. నాన్న నావైపు తిరిగి తెలుగులో, "క్లాస్‌కి వెళ్ళు తల్లీ, లేట్ అవుతోంది" అన్నాడు.

నేను వెళ్ళి నా సీటులో కూర్చున్నాను.