నక్షత్రకాంతికి వల పనికిరాలేదు

వాకాడు దగ్గర ఒక రేవు పల్లెలో ఆదివారం ప్రార్థన అయ్యాక నక్షత్రాల గురించి చెప్పమని అక్కడి పాస్టర్ గారు పిలిచారు. నేను నెల్లూరులో ఫిజిక్స్ లెక్చరర్ని. పోయినసారి ఒక సభలో ఇదే విషయం చెబితే ముందు వరుస మొత్తం కునికిపాట్లు పడింది. ఈసారీ అంతే అయితే ఇక మైకు పట్టుకోకూడదనుకుని బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకు రైలెక్కి గూడూరులో దిగాను. కారం దోసె తిని, ఎనిమిదింటి వాకాడు బస్సు పట్టుకున్నాను. సీటు కావాలంటే కాస్త ముందే రావాలి. నా పక్కన ఖాళీ చేపల బుట్టతో మరియమ్మ కూర్చుంది. నేను వెళ్లే పల్లే ఆమెది.

"ఏం చెప్తారు మేడమ్?"

"నక్షత్రాల మధ్య గ్యాసు, దుమ్ము మబ్బుల్లా ఉంటాయక్కా. అతినీలలోహిత కాంతి అని, మన కంటికి కనపడదు. దాని అలలు చాలా చిన్నవి. వలలో చేపల్లా ఆ దుమ్ములో చిక్కుకుంటాయి. పెద్ద అలలుండే ఎర్రకాంతి దాటిపోతుంది."

మరియమ్మ పకపకా నవ్వింది. "అదేం వల మేడమ్! చిన్నచేప జారిపోతాది, పెద్దదే పడతాది. మీ వల తిరగబడి ఉండాదే!"

ఇన్నేళ్లుగా క్లాసులో ఈ పోలికే చెబుతున్నాను. సిగ్గుతో చచ్చినంత పనైంది. పదకొండున్నరకు సభ, చేతిలో ఉన్న ఒక్క పోలికా పోయింది.

"అలల సంగతైతే మా రేవుకొచ్చి చూడండి" అంటూ బస్సు దిగగానే మరియమ్మ వెంటబెట్టుకెళ్లింది. నీళ్లలో ఒక గుంజ పాతి ఉంది. చిరు అలలు దానికి తగిలి చెదిరిపోతున్నాయి. పెద్ద అల మాత్రం గుంజను లెక్కచేయకుండా సాగిపోతోంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

పాస్టర్ గారిని బతిమాలి సభను ఒడ్డుకు మార్పించాను. అందరూ గుంజ చుట్టూ చేరారు. గుంజ దుమ్ము రేణువనీ, చిరు అలలు అతినీలలోహిత కాంతనీ, పెద్ద అల ఎర్రకాంతనీ చూపించాను. దుమ్ము మబ్బులో సందు దొరికితే అతినీలలోహిత కాంతి కూడా ఎంతో దూరం పోతుందని చెప్పాను. "దుమ్ములో చిక్కిన వెలుగు మాత్రం నష్టమే" అని ముగించబోతుంటే మరియమ్మ అడ్డుకుంది.

"నష్టమెట్టా అవుతాది? ఎండకి ఇసక కాలతా ఉండాది గదా. ఆ దుమ్ము వెచ్చబడదా?"

వెచ్చబడుతుంది! ఆ వేడి పరారుణ కాంతిగా బయటికొస్తుంది, టెలిస్కోపులు దాన్ని పట్టుకుంటాయి. తెలిసిన సంగతే, చెప్పడం మరిచాను. అందరికీ ఆ మాట చెప్పి, చప్పట్లు మరియమ్మకే కొట్టించాను.

ఆమె ఇంట్లో చేపల పులుసు తిని మూడింటి బస్సెక్కాను. గూడూరులో రైలెక్కగానే ఎదురు సీట్లోని బట్టల వ్యాపారి, "ఏం మేడమ్, మీలో మీరే నవ్వుకుంటుండారు?" అన్నారు. అడిగిన పాపానికి నెల్లూరు దాకా ఆయన్ని వదల్లేదు.

దిగేటప్పుడు ఆయనే అన్నారు: "మా మసీదు వీధి పిల్లోళ్లకి కూడా చెప్పాల. ఎప్పుడొస్తారు?"

"రేపే రమ్మన్నా వస్తాను" అన్నాను.